ఆ పటం మాది కాదు

మార్చి 4, సోమవారం

స్టాఫ్ రూములో ఉన్నాను. మూడో పీరియడ్ ఖాళీ. సీరియల్ వాళ్ళు పంపిన స్క్రిప్టు ముందు పెట్టుకుని, దాని మీద రాయాల్సింది రాయకుండా ఇది రాస్తున్నాను.

నిన్న సాయంత్రం అమ్మాయి నా చేతికో ఫారం ఇచ్చింది. పదో తరగతి అయ్యాక పెద్దమ్మ ఊళ్ళో చదువుతుందట. అక్కడి జూనియర్ కాలేజీ ఫారం అది. రెండేళ్ళూ మా అక్క ఇంట్లోనే ఉంటుందట. తల్లి సంతకానికో గడి, తండ్రి సంతకానికో గడి. ఇరవయ్యో తేదీకల్లా పంపాలి.

"ఇక్కడ కాలేజీలు లేవా?" అన్నాను.

"ఉన్నాయి."

"మరి?"

"నాన్నకి చెప్పు," అని గదిలోకి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఇది మామూలే. ఆయనకీ దానికీ మాటలు తక్కువ. పోట్లాటలేం లేవు. ఇద్దరిదీ ఒకటే తీరు, అడిగితే తప్ప నోరు విప్పరు. అది ఆయనకి చెప్పాల్సింది నాకు చెబుతుంది, ఆయన దానికి చెప్పాల్సింది నాకు చెబుతారు. ఒకే బల్ల దగ్గర కూర్చుని కూడా అంతే. "రేపు చెప్పులు కొనడానికి వస్తుందేమో అడుగు," అంటారాయన, అది పక్కనే మంచినీళ్ళు తాగుతుంటే. "ఆదివారం వస్తానని చెప్పు," అంటుందది. నేను చెబుతాను. నేను లేకపోతే ఈ ఇద్దరూ ఎలా బతుకుతారో అని ఒక్కోసారి నవ్వొస్తుంది.

ఫారం నా బ్యాగులో ఉంది. ఆయనకి సాయంత్రం చెబుతాను.

మార్చి 6, బుధవారం

చెప్పలేదు. కళ్ళద్దాల షాపు నుంచి తలనొప్పితో వచ్చారు.

ఇవాళ పెన్నుగారు ఫోన్ చేశారు. సీరియల్ కథ రాసే పెద్దాయన. ముప్ఫయ్యేళ్ళుగా టీవీ అత్తలనీ కోడళ్ళనీ ఏడిపిస్తున్నారు కాబట్టి ఆ కంపెనీలో అందరూ ఆయన్ని పెన్నుగారనే పిలుస్తారు. నేను కాలేజీలో చెప్పే పాఠం వల్ల వాళ్ళు నన్ను సలహాలకి పెట్టుకున్నారు. కుటుంబం అంటే విడివిడి మనుషులు కాదు, ఒకళ్ళు కదిలితే అందరూ కదిలే ఒక అమరిక అనీ, ఇద్దరి మధ్య బరువు పెరిగితే మూడో మనిషిని లాగి ముక్కోణం కడతారనీ, ఆ మూడో మనిషి చాలాసార్లు బిడ్డే అవుతుందనీ ఏటా చెబుతాను. వాళ్ళ కథలో కూడా ముగ్గురే. తల్లి, తండ్రి, పదహారేళ్ళ కూతురు. నూట పన్నెండో ఎపిసోడ్‌లో కూతురు పెట్టె సర్దుకుని ఇల్లు వదిలి వెళుతుంది. నేను పక్కన ఎర్ర ఇంకుతో 'ఈ పిల్ల వెళ్ళదు' అని రాసి పంపాను.

"మేడమ్, వెళ్ళదంటారా?" అన్నారు పెన్నుగారు.

"వెళ్ళదండీ. అమ్మకీ నాన్నకీ మధ్య కాపలా కాస్తున్న పిల్ల. తను కదిలితే ఇల్లు కూలిపోతుందని దాని భయం."

"కూలితేనే కదా మేడమ్ మాకు ఎపిసోడ్లు! మీ పాఠం ప్రకారం వీళ్ళు ముగ్గురూ కూర్చుని శుభ్రంగా మాట్లాడేసుకున్నారనుకోండి, వచ్చే వారానికల్లా మా దుకాణం బంద్."

"అంత భయపడకండి. మాట్లాడుకోవడం వాళ్ళకి చేతకాదు."

"అమ్మయ్య, బతికించారు. పోనీ, పిల్ల వెళ్ళదని నాకు నమ్మకం కలిగేలా ఏదైనా రాసివ్వండి. నేను పైవాళ్ళకి చూపించుకోవాలి."

రాసిస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచన. నేను చెప్పింది పాఠం ప్రకారం తప్పు కాదు. ఎన్ని పుస్తకాలైనా చూపించగలను.

మార్చి 7, గురువారం

చెప్పలేదు.

మార్చి 9, శనివారం

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తగానే అందుకుంది.

"ఏమే, నీ కూతుర్ని నేనేం ఎత్తుకుపోవట్లేదు. అదే అడిగింది. సరే రమ్మన్నాను."

"నాతో ఒక మాట అనాలి కదక్కా."

"నీకు అదే చెబుతానంది. దాని మాట నేనెందుకు మొయ్యాలి? ఆ ఉద్యోగం నీది."

"అంటే?"

"అంటే ఏముంది! అమ్మకీ నాన్నకీ మధ్య పోస్ట్‌మాన్‌వి నువ్వే కదా. 'అన్నం వడ్డించానని మీ నాన్నతో చెప్పు,' 'ఆకలి లేదని మీ అమ్మతో చెప్పు.' వంటింటికీ వరండాకీ నీ కాళ్ళు అరిగిపోయేవి. నేను పెళ్ళై వెళ్ళేప్పుడు నన్నూ తీసుకుపో అక్కా అని నా కొంగు పట్టుకుని ఏడ్చావు. మర్చిపోయావా?"

అలా ఏం లేదన్నాను. చిన్నపిల్లలు అక్క వెళుతుంటే ఏడుస్తారు, అంతే. అక్కకి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు.

అయినా అమ్మా నాన్నా సంగతి వేరు. వాళ్ళు నిజంగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మా ఇల్లు అలా కాదు.

మార్చి 11, సోమవారం

పొద్దున కాఫీ తాగుతూ పెన్నుగారి కోసం పటం గీశాను. మేం క్లాసులో గీయించేదే. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా. మామూలుగా ఉండే ఇద్దరి మధ్య ఒక గీత, దగ్గరగా ఉంటే రెండు, మరీ అతుక్కుపోతే మూడు, గొడవ ఉంటే రంపం పళ్ళలాంటి గీత, దూరంగా ఉంటే చుక్కల గీత. సీరియల్లో తల్లికీ కూతురికీ మధ్య మూడు గీతలు గీశాను. తల్లికీ తండ్రికీ మధ్య రంపం గీత. తండ్రికీ కూతురికీ మధ్య చుక్కలు. ఏ గీతకి ఏ అర్థమో పక్కన రాశాను గానీ పేర్లు రాయలేదు. పెన్నుగారికి తెలిసినవాళ్ళే కదా అనుకున్నాను. బస్సు తప్పిపోతుందని కాగితం బల్ల మీదే వదిలేసి పరిగెత్తాను.

సాయంత్రం వచ్చేసరికి కాగితం అక్కడే ఉంది. దాని మీద పెన్సిల్ పని జరిగింది.

చుక్కల గీత రబ్బరుతో చెరిపేసి, ఆ చోట రెండు తిన్నటి గీతలు గీసి ఉన్నాయి. స్కేలు పెట్టి గీసినవి. తల్లీ కూతుళ్ళ మధ్య నా మూడు గీతల పక్కన 'మూడెందుకు? ఒకటి చాలు' అని ఉంది. రంపం గీత ఒక్కటే నేను పెన్నుతో గీశాను కాబట్టి చెరగలేదు. దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది. 'ఇక్కడ ఏ గీతా లేదు.'

అమ్మాయి దస్తూరీ.

పటం మనదనుకుంది. మనది కాదే, సీరియల్ వాళ్ళది, అని అప్పుడే తలుపు తట్టి చెప్పాల్సింది. తలుపు దాకా వెళ్ళాను కూడా. లోపల ఏదో పాట పెట్టుకుని ఉంది. తర్వాత చెబుదాంలే అని వచ్చేశాను.

నేను పేర్లు రాయకపోవడం పొరపాటు. అంతే. దాన్ని బట్టి ఇంకేం అనుకోనక్కర్లేదు.

మార్చి 12, మంగళవారం

రెండు గీతలు. స్కేలు పెట్టి మరీ.

పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి దగ్గరగా ఉంటే బాగుండుననే కోరికని గీతలుగా గీసి ఉంటుంది. పిల్లలు ఉన్నది కాకుండా కావాలనుకున్నది గీస్తారు. నేనే చెబుతాను క్లాసులో. అలా అనుకుంటే జాలేసింది. ఆయనతో మాట్లాడాలి, దాన్ని కాస్త దగ్గరికి తీయండి అని.

మరి ఆ 'ఏ గీతా లేదు' కూడా కోరికేనా?

మార్చి 13, బుధవారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా కళ్ళద్దాల స్క్రూ వదులైంది. నాలుగింటికే కాలేజీ అయిపోయింది కదా అని ఆయన షాపుకి వెళ్ళాను. షాపుకి వెళ్ళి ఏడాది దాటి ఉంటుంది. సాయంత్రాలు ఆయనకి పని ఎక్కువ, అమ్మాయి లైబ్రరీలో ఆరింటిదాకా చదువుకుంటుంది, నేను ఇంటికెళ్ళి పేపర్లు దిద్దుకుంటాను. మా టైంటేబుల్ అది.

షాపు ముందు వరసలో ఫ్రేములు పెట్టే అద్దాల బీరువా. దాని వెనకాల, అద్దాలు అరగదీసే మిషను పక్కన, ఎత్తు స్టూలు మీద అమ్మాయి కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాం మీద ఆయన నీలం కోటు వేసుకుంది. కోటు చేతులు పైకి మడిచింది. మెత్తటి గుడ్డతో అద్దాలు తుడిచి ఒక్కోదాన్నీ కవరులో పెడుతోంది. ఎప్పటినుంచో చేస్తున్న పనిలాగా, చూడకుండానే.

తలుపు ఓరగా ఉంది, నేను బయటే ఆగాను.

"ఏంటి దొరసానీ, మీ అమ్మకిచ్చిన ఫారం ఏమైంది?" ఆయన గొంతు. ఆ గొంతు నాకు తెలుసు, కానీ ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు.

"ఇచ్చి పది రోజులైంది బాసూ. ఇంకా నీకు చెప్పలేదా?"

"ఎక్కడ! రోజూ అన్నం తింటూ ఎదురుచూడటమే సరిపోతోంది."

"నేను చెప్పినట్టు ఆశ్చర్యపోవడం ప్రాక్టీస్ చేశావా?"

"చేశా. ఇదిగో చూడు. 'అలాగా!'"

"ఛీ, మరీ ఓవర్. కరెంట్ షాక్ కొట్టినవాడిలా ఉన్నావు. కనుబొమలు అంత పైకి వద్దు. ఏదీ, మళ్ళీ."

"'అలాగా.'"

"ఇది పర్లేదు."

అది కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆయన కూడా. ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను మా పెళ్ళి ఫోటోలో కూడా చూడలేదు.

స్క్రూ బిగించుకోకుండానే వచ్చేశాను. దారిలో రెండుసార్లు కళ్ళద్దాలు జారిపోయాయి.

మార్చి 14, గురువారం

నిన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఎందుకు నిన్నే చెప్పాలనిపించిందో తెలియదు. చూడాలనిపించిందనుకుంటాను.

"అమ్మాయి అక్క దగ్గరుండి చదువుతానంటోంది," అన్నాను.

ఆయన తల ఎత్తారు. కనుబొమలు కొంచెం లేచాయి. మరీ పైకి కాదు.

"అలాగా," అన్నారు.

అమ్మాయి కంచంలోకి చూస్తోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి.

"మీరేమంటారు?" అన్నాను.

"దాని ఇష్టమేంటో అడుగు," అన్నారు. నేను దాని వైపు తిరిగి అడిగాను. దానికి వినబడలేదన్నట్టు, మొత్తం మాట మళ్ళీ అడిగాను.

మార్చి 16, శనివారం

మధ్యాహ్నం అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఆయన బట్టలు మడత పెడుతున్నారు.

"మీరు బాగా నటించారు మొన్న," అన్నాను.

చొక్కా సగం మడతలో ఆగిపోయింది. "షాపుకి వచ్చావా?"

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడో క్లాసు నుంచి అనుకుంటా. బడి అవగానే వచ్చి కూర్చుంటుంది. మిషను శబ్దం ఇష్టమట దానికి."

"లైబ్రరీ?"

"పుస్తకాలు తెచ్చుకుంటుందిలే. హోంవర్కు అక్కడే చేసేస్తుంది."

"మరి ఇంట్లో ఇద్దరూ మూగనోము పట్టినట్టు ఉంటారేం?"

ఆయన చొక్కా కాలరు సర్దుతూ ఆలోచించారు. దాటవేయడానికి కాదు, నిజంగా జవాబు వెతికారు.

"నువ్వుంటావు కదా," అన్నారు.

"అంటే నా వల్ల మాట్లాడుకోలేకపోతున్నారా?"

"అలా కాదు. దాని మాట నువ్వు నాకు తెచ్చి చెప్పేటప్పుడు నీ మొహం కళగా ఉంటుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు నేనే నేరుగా దాన్ని అడిగాను. నువ్వు ఏం చేయాలో తోచనట్టు లేచి వంటింట్లోకి వెళ్ళావు. అది కూడా గమనించింది. అప్పటినుంచి..." చొక్కా మడత పూర్తి చేశారు. "అప్పటినుంచి అలా అలవాటైపోయింది."

నాకు కోపం రావాలి. వచ్చిందేమో కూడా. కానీ ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఇద్దరు మనుషులు నన్ను సంతోషపెట్టడానికి మూడేళ్ళు నా ఎదురుగా నోరు కట్టేసుకున్నారు. ఇది మోసమా, ప్రేమా? నా పాఠాల్లో దీనికేదో పేరు ఉండే ఉంటుంది. వెతకాలనిపించడం లేదు.

అక్క చెప్పింది నిజం కాదు. నిజమైనా అది వేరు.

మార్చి 17, ఆదివారం

పొద్దున టిఫిన్ అయ్యాక ఫారం బల్ల మీద పెట్టాను. పక్కన పెన్ను.

"మీరిద్దరూ మాట్లాడుకోండి," అన్నాను. "ఇవాళ నేను మాట్లాడను."

అమ్మాయి ఆయన వైపు చూసింది. ఆయన బల్ల మీద గీతలు చూస్తున్నారు.

చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు. "ఎందుకు వెళ్తానంటున్నావ్?"

"నీకు తెలుసుగా."

"మీ అమ్మకి తెలీదు."

"నువ్వు చెప్పు అమ్మకి."

"నువ్వే చెప్పు. నేను మొయ్యను."

నవ్వొచ్చింది నాకు. ఎవరూ నవ్వలేదు కాబట్టి ఆపుకున్నాను.

అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు గీసిన పటం చూశాను."

"అది మనది..." అని ఆగాను. మాట్లాడనన్నాను కదా. ఇంకా ఒక మాట ఉంది: ఇప్పుడు 'కాదు' అంటే అబద్ధంలా వినబడుతుందని భయమేసింది.

"అందులో మీ ఇద్దరి మధ్యా గొడవ గీత గీశావు. మీరు ఎప్పుడు గొడవ పడ్డారు? మీరు మాట్లాడుకునేదంతా నా గురించే. నా స్కూలు, నా జ్వరం, నా చెప్పులు. ఆర్నెల్ల కిందటే పెద్దమ్మతో మాట్లాడాను. ఫారం తెచ్చుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు."

"మేం వద్దంటామనా?" అన్నారాయన.

"కాదు. నేను వెళ్ళిపోతే మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు? రోజూ పడుకునేప్పుడు అదే ఆలోచన. ఒక్కోసారి వెళ్ళొద్దులే అనిపిస్తుంది. నిజంగా. ఉండిపొమ్మంటే ఉండిపోతాను."

నేను ఎర్ర ఇంకుతో రాసింది అక్షరాలా అదే. ఈ పిల్ల వెళ్ళదు. నేను చెప్పిందే నిజమైంది, పుస్తకాలు చూపించనవసరం కూడా లేకుండా. ఇక నేను చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఇరవయ్యో తేదీ దాటిపోతుంది, అమ్మాయి నా దగ్గర ఉండిపోతుంది, రోజూ నాకు మాటలు ఇస్తుంది, నేను ఆయనకి అందిస్తాను. ఆ బల్ల దగ్గర ఎంతసేపు అలా కూర్చున్నానో ఇక్కడ రాయను. రాస్తే రేపు చదువుకుని నా మొహం నేను చూసుకోలేను.

తర్వాత పెన్ను తీసుకుని సంతకం చేశాను.

"మేం మాట్లాడుకుంటాంలే," అన్నాను. "అది నీ పని కాదు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"నీకెందుకు? అన్నీ నీకు చెప్పాలా?"

నోరు తెరిచి నన్నే చూసింది. ఆయన పెన్ను అందుకుని తన గడిలో సంతకం చేశారు. అప్పుడు దాని ముక్కు చివర ఎర్రబడటం మొదలైంది. చిన్నప్పుడు ఏడ్చే ముందు అలాగే అయ్యేది. ఏడవలేదు. ఫారం లాక్కుని గదిలోకి పరిగెత్తింది.

మేం మాట్లాడుకుంటామన్నది నిజమో కాదో నాకు తెలియదు. అది వెళ్ళాక ఆయనా నేనూ అక్కడే కూర్చున్నాం. ఆయన గిన్నెలు సింకులో వేశారు. నేను బల్ల తుడిచాను.

మార్చి 20, బుధవారం

ఫారం పంపాను. పెన్నుగారికి కూడా నోట్సు పంపాను. 'వెళ్ళవచ్చు, వెళ్ళకపోవచ్చు. నాకు తెలియదు.'

వెంటనే ఫోన్. "మేడమ్, 'తెలియదు' అని రాసిచ్చిన నిపుణుల్ని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా! పైవాళ్ళకి ఇది ఎలా చూపించను?"

"చూపించకండి. పిల్లని పంపించేయండి."

"మరి కాపలా అన్నారు, ఇల్లు కూలుతుందన్నారు..."

"కూలితే మీకు ఎపిసోడ్లు కదండీ," అన్నాను. ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

జూన్ 9, ఆదివారం

అమ్మాయిని అక్క ఇంట్లో దిగబెట్టి వచ్చాం.

జూన్ 12, బుధవారం

రెండు కంచాలు. "పప్పు బాగుంది," అన్నారాయన. "అవునా," అన్నాను. అమ్మాయికి ఈ పప్పు ఇష్టమని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, ఇద్దరం ఆగిపోయాం.

ఇవాళ మేం మాట్లాడుకున్నది ఇంతే. ఇంకేమైనా ఉందా అని వెతికాను. గ్యాస్ అయిపోవచ్చిందన్నాను. సరే అన్నారు.

దానికి అబద్ధం చెప్పి పంపించాను.

జూన్ 16, ఆదివారం

మధ్యాహ్నం చదువుకుంటూ కిటికీ తెరిచాను. అయిదు నిమిషాల్లో ఆయన వచ్చి మూసి వెళ్ళారు. మళ్ళీ తెరిచాను. మళ్ళీ వచ్చారు.

"ఎందుకు మూస్తున్నారు?" అన్నాను.

"దుమ్ము."

"నాకు గాలాడదు."

"నాకు దుమ్ము పడదు. రోజంతా అద్దాలు తుడిచి ఇంటికొస్తే ఇక్కడా అదేనా?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పారా ఆ మాట?"

"నువ్వు అడిగావా? తెరుస్తూ పోయావు. నేను మూస్తూ పోయాను."

"పదిహేడేళ్ళా? పదిహేడేళ్ళు నా వెనకాల కిటికీలు మూస్తూ తిరిగారా? నేను వీధి గాలికి మూసుకుపోతున్నాయనుకుంటున్నా!"

"గాలికి గడియ కూడా పడుతుందా?" అన్నారాయన. ఆయన గొంతు పెరిగింది. నాదీ పెరిగింది. ఆయన గొంతు అంత ఎత్తుకి వెళ్ళగలదని నాకు తెలియదు. బస్సులో కిటికీ పక్క సీటు ఎందుకు వద్దంటారో, నేను ఎందుకు అక్కడే కూర్చుంటానో, వాళ్ళమ్మగారి ఇంట్లో మొదటి ఏడాది నేను ఊపిరాడక మేడ మీదికి వెళ్ళి కూర్చుంటే అలిగాననుకున్నారట, ఏవేవో వచ్చాయి. అలగలేదు మహానుభావా, గాలి కోసం వెళ్ళాను అన్నాను. "మరి ఆ మాట నాకు చెప్పొద్దూ? నేను మెట్ల మీద గంట కూర్చున్నా నీ కోసం," అన్నారు.

మెట్ల మీద ఆయన కూర్చోవడం నాకు తెలియదు.

అప్పుడు ఫోన్ మోగింది. అమ్మాయి.

"అమ్మా, ఏం చేస్తున్నారు? ఏంటా అరుపులు? టీవీయా?"

"టీవీ కాదు."

"మరి? నాన్న బాగానే ఉన్నాడా? ఏమైందో చెప్పు."

చెప్పబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది, మొత్తం, కిటికీ, మెట్లు, అంతా. ఆయన నా ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"నాన్నతో మాట్లాడుతున్నానే. తర్వాత చేస్తాను, పెట్టెయ్."

"అమ్మా, ఒక్క నిమిషం..."

నేనే పెట్టేశాను. దాని ఫోన్ నేను ముందు పెట్టేయడం ఇదే మొదటిసారి. అది అక్కడ ఏమనుకుందో తెలియదు. మేం చేస్తున్నది మంచిదో చెడ్డదో కూడా తెలియదు. ఆయన అప్పటికే, "నువ్వు ముందు కూర్చుని విను," అని మొదలుపెట్టేశారు.